శుక్రవారం చెరిగిన లెక్కలు

మహారాష్ట్రలోని భివండి పట్నం, గైబీ నగర్‌లో మాకు చిన్న మగ్గాల షెడ్డు ఉంది. నేసిన బట్ట లెక్కను కంప్యూటర్‌లో ఎక్కించేది మా బామ్మర్ది సత్తయ్య. పోయినేడు కొన్ని లెక్కలు మాయం కాసాగాయి.

"బట్ట అమ్ముకొని లెక్క చెరిపేస్తున్నవా, దొంగా?" అని పనివాళ్ళందరి ముందు అన్నాను. సత్తయ్య షెడ్డు విడిచి, దగ్గర్లోని పూర్ణ అనే ఊళ్ళో గోదాము పనికి పోయాడు.

అతను పోయినా లెక్కలు పోతూనే ఉన్నాయి. ఆ ప్రోగ్రాం రాసిన మా అమ్మాయి, డేటాబేస్‌కు అందే ప్రతి ఆదేశం టైముతో సహా నమోదయ్యేలా లాగ్ పెట్టింది. మొదట అందులో ఏమీ పడలేదు. ప్రోగ్రాం మూసి మళ్ళీ తెరిచాకే పనిచేసింది.

కొన్ని వారాలకు దాన్ని చూసి, "నాన్నా, చెరిపినవన్నీ శుక్రవారం పొద్దుగాలనే. మగ్గాలకు ఛుట్టీ కదా, షెడ్డుకు ఎవరొస్తరు?" అంది.

 శుక్రవారం పూజకు వచ్చేది నేనే. మగ్గాలతోపాటు, తెరిచే ఉన్న కంప్యూటర్ కీబోర్డును కూడా తడిగుడ్డతో తుడిచి బొట్టు పెడతాను. ఆ తుడవడంలోనే చెరిపే మీట పడుతోంది.

పూర్ణకు పోయి సత్తయ్య చేతులు పట్టుకున్నాను.

"దొంగ అన్నది షెడ్డుల గద బావా, గక్కడనే చెప్పు" అన్నాడు.

షెడ్డులో అందరి ముందు, సత్తయ్య దొంగ కాదు, తప్పు నాదేనని చెప్పాను. కానీ నేనన్న ఆ మాట అప్పటికే షెడ్డు దాటిపోయింది. ఎందరు విన్నారో తెలియదు. అందుకే ఇక్కడా రాస్తున్నాను.