మా అక్క కరెంటు మిషన్ చూద్దామని కొత్తవాడ వెళ్ళాను

వరంగల్‌కు అందరూ కోట చూడటానికో, వేయిస్తంభాల గుడికో వెళ్తారు. ఎనభైల మధ్యలో నేను మాత్రం కడుపుమంటతో వెళ్ళాను. మా అక్క నర్సవ్వ అరవై దాటాక కరెంటు మిషన్ మీద కండెలు చుడుతోందని అటునుంచి వచ్చిన చుట్టమొకాయన చెప్పాడు. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే ఆ నూలు కండెలు చుట్టడంలో చిన్నప్పటి నుంచీ నాదే పైచేయి. అలాంటిది ఆమెకు మిషనా! ఇక్కడ హైదరాబాదులో నేను కొత్త టీవీ దగ్గరికి పోతేనే మనవడు "నీకెందుకు నానమ్మా, చెడిపోతది" అంటాడు. ఆ కబురు విన్నాక నాకు అన్నం సహించలేదు.

సికింద్రాబాదులో పొద్దుటి రైలెక్కితే మూడు గంటల్లో వరంగల్. కిటికీ పక్కన చోటు కావాలంటే కాస్త ముందే వెళ్ళాలి. స్టేషన్ బయట రిక్షా అతను కొత్తవాడకు రెండు రూపాయలన్నాడు. అక్క పేరు చెప్పగానే, "మిషనవ్వ ఇంటికా? ముందే చెప్పరాదా, ఎక్కుండ్రి!" అన్నాడు. ఓహో, ఊళ్ళో పేరు కూడా వచ్చిందన్నమాట! ఒళ్ళు మండిపోయింది.

వసారాలో మిషన్ గిర్రున తిరుగుతోంది. పక్కన కాలేజీ చదివే మనవరాలు సునీత. అక్క ఎడమచేత్తో దారం పట్టుకుంది. కుడిచెయ్యి మాత్రం గాలిలో గుండ్రంగా తిరుగుతోంది, లేని రాట్నాన్ని తిప్పుతూ! నాకు పట్టరాని నవ్వొచ్చింది.

సునీత నవ్వలేదు. "మల్ల తిప్పుతున్నవా నాయినమ్మా? చెయ్యి స్విచ్చి మీద పెట్టుమన్న గద! దారం తెగితే ఎవలు ఆపుతరు?"

"జర ఆగవే! ఎన్నేండ్ల అలవాటిది?" అంటూ అక్క, సునీత చుట్టిన కండె ఒకటి తీసి వేళ్ళతో నొక్కింది. "నువ్వు చేసిందేంది? ఇంత వదులైతే నాడెల ఊడొస్తది. మల్ల చుట్టు."

సునీత నాలుక కరుచుకుంది. నా నవ్వు ఆగిపోయింది. నా ఏడుపు మిషన్ కోసం కాదని అప్పుడు తెలిసింది. నేను తప్పు చేస్తే మళ్ళీ చెయ్యమని తిట్టేవాళ్ళు మా ఇంట్లో ఒక్కరూ లేరు.

రొట్టెలు తిన్నాక ఉండబట్టలేక, "నన్ను కూసోనియ్యండే" అన్నాను.

"నీకెందుకే, పట్నంల సుఖంగుండక!" అంది అక్క.

"నీకెందుకో నాకూ గందుకే!" అని అరిచాను.

సునీత స్టూలు జరిపింది. స్విచ్చి వేశానో లేదో, నా కుడిచెయ్యి గాలిలో తిరగడం మొదలుపెట్టింది. దారం తెగి చిక్కులు పడింది. సిగ్గుతో లేవబోయాను.

"యాడికి చిన్నవ్వా? పాడుచేసి పోతవా? చిక్కు తీసి మల్ల చుట్టు!" అని కసిరింది సునీత.

అబ్బ, ఆ తిట్టు ఎంత హాయిగా ఉందో! అక్క మొహం మాడిపోయింది. "మొదటి దినం నన్ను స్విచ్చే ముట్టనియ్యలే. దీనికైతే వచ్చీ రాంగనే..." అని గొణిగింది.

మీరూ మరమగ్గాల వాడలు చూడాలనుకుంటే పొద్దున్నే చేరుకోండి, మధ్యాహ్నం కరెంటు ఉంటుందన్న నమ్మకం లేదు. కొంగు నడుముకు బిగించుకోండి. సాగనంపడానికి సునీత గుమ్మం దాకానే వచ్చింది, నాయినమ్మను మిషన్ దగ్గర ఒంటరిగా వదలకూడదట. రైల్లో కూర్చున్నాక, ఆ పిల్ల ఇప్పుడు అక్కను ఏమని తిడుతోందో అనుకుంటూ కాజీపేట దాటేదాకా కుళ్ళుకున్నాను. నా మాట విని, తిరుగు టికెట్టు మాత్రం ముందే కొనకండి.