ఒడి నిండా ఇప్పపువ్వు

మాది కోనరావుపేట దగ్గర అడవి అంచున ఉన్న పల్లె. ఎండాకాలం వచ్చిందంటే బాపు కల్లు దింపడానికి పొద్దున్నే తాటివనానికి పోయేవాడు. వెంట నేనూ పోయేదాన్ని. ఆయన తాటిచెట్టెక్కితే నేను ఆ పక్కనే ఉన్న ఇప్పచెట్ల కింద రాలిన పువ్వు ఏరుకునేదాన్ని. వేయించి, బెల్లంతో కలిపి దంచితే ఎంత రుచో!

నాకు ఎనిమిదేళ్లున్నప్పుడు ఒకరోజు అట్లాగే గౌను ఒడి నిండా పువ్వు నింపుకున్నాను. చెట్టు మీంచి బాపు గొంతు వినిపించింది, ఎప్పుడూ లేనంత మెల్లగా.

"బిడ్డా, ఎనుకకు సూడకు. ఒడిల పువ్వంత ఆడనే గుమ్మరించి నా దిక్కు నడిచి రా. ఉరుకకు."

"పొద్దుగాల్నుంచి ఏరిన బాపూ! నేను గుమ్మరియ్య."

"నీకు దండం పెడత బిడ్డా, ఇడిసిపెట్టు."

బాపు నాకు దండం పెట్టడమేమిటి అనుకునేలోపే నా వెనక బుస్సుమంటూ ఊపిరి. ఎలుగుబంటి! గౌను అంచు పట్టుకున్న నా పిడికిలి దానంతటదే విడిపోయి పువ్వంతా కింద పడింది. బాపు దిక్కు నడిచాను, ఉరకలేదు. బర్రె కుడితి తాగుతున్నట్టు వెనక ఒకటే చప్పుడు. అది పువ్వు తింటోంది.

బాపు చెట్టు దిగలేదు, జారాడు. నన్ను భుజాన వేసుకుని ఊరిదాకా ఉరికాడు. ఇంటికొచ్చి చూస్తే ఆయన ఛాతీ అంతా గీరుకుపోయి నెత్తురు. నేనేమో పువ్వు పోయిందని ఏడుస్తున్నాను.

"పువ్వుకేమాయె బిడ్డా, రేపు మళ్ల రాల్తది" అన్నాడు.

ఇప్పుడు నా కాపురం కోరుట్లలో. ఎక్కడైనా ఇప్పపువ్వు వాసన తగిలితే నాకు నోరూరదు. చేతులు వాటంతటవే కొంగు విదిలిస్తాయి.