ఆయన చేశాడన్న విమానం

మా ముందుగదిలో టీవీ పక్కన ఒక యుద్ధవిమానం ఉంది. జానెడు పొడవుంటుంది. దాన్ని మా ఆయన చేశాడని కరీంనగర్‌లో ఆయనను ఎరిగినవాళ్లంతా అంటారు. చేసింది నేను. ఈ మాట చెప్పడానికే నా చెల్లెలి బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయిస్తున్నాను. సంతకం తప్ప నాకు ఇంకేమీ రాయడం రాదు.

మా ఆయన వయసులో ఉన్నప్పుడు వాయుసేనలో మెకానిక్. యుద్ధం రోజుల్లో అలాంటి విమానాల కింద పడుకుని బోల్టులు బిగించాడట. ఒక్కసారి కూడా ఎక్కి ఎగరలేదు. ఆ నౌకరీ అయిపోయి ఇంటికొచ్చాక ఒక బ్యాంకు గేటు దగ్గర తుపాకీ పట్టుకుని కాపలా ఉన్నాడు. ఆయన దేశమంతా తిరిగిన ఏళ్లన్నీ నేను అత్తగారింట్లో బీడీలు చుట్టాను. ఆయన వచ్చాకా చుట్టాను. ఇప్పటికీ చుడుతున్నాను.

ముసలితనంలో ఆయన చేతులకు వణుకు పట్టుకుంది. కప్పు నోటి దాకా పోయేలోపు సగం చాయ అంగీ మీదే పడేది. సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాద్ నుంచి ఒక డబ్బా తెప్పించాడు. మూత మీద విమానం బొమ్మ ఉంది. తెరిస్తే లోపలన్నీ ప్లాస్టిక్ ముక్కలు, కొమ్మకు పిందెలు పట్టినట్టు చట్రాలకు అంటుకుని ఉన్నాయి. ఒక్కో ముక్కను కోసి, అంచు గీకి, అతికించాలి. కొన్ని ముక్కలు జొన్నగింజ కన్నా చిన్నవి.

నాలుగు రోజులు తానే కుస్తీపట్టాడు. బొటనవేలు కోసుకున్నాడు. గమ్ము ఒళ్లో ఒలకబోసుకున్నాడు. ఐదో రోజు మధ్యాహ్నం నన్ను పిలిచాడు.

"ఏమే, గిటు రా. గీ ముక్క జర పట్టుకో."

"నాకు నానబెట్టిన బీడీ ఆకు ఆరిపోతది. నువ్వే పట్టుకోరాదు?"

"పట్టుకోవస్తె నిన్నెందుకు పిలుస్తనే?"

చేతకాదని ఆయన ఒప్పుకున్నది నా బతుకులో ఆ ఒక్కసారే. పోయి పట్టుకున్నాను. పట్టుకోవడం కాస్తా కోయడమైంది, కోయడం గీకడమైంది, గీకడం అతికించడమైంది. నెల తిరిగేసరికి ఆయన కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, నేను నేల మీద కూర్చుని చేసేదాన్ని.

నా వేళ్లకు అదేం కొత్త పని కాదు. తునికాకును నీళ్లలో నానబెట్టి, రేకు అచ్చు పెట్టి, కత్తెరతో దాని అంచుకు సరిగ్గా కోస్తాం. పొగాకు పోసి చుట్టి, మూతి మడిచి, దారం కడతాం. రోజంతా వందల బీడీలకు అదే పని చేసిన వేళ్లు ఇవి. పైలట్ కూర్చునే చోట గాజు మూత ఉంటుంది చూడండి, దాని మీద రంగు పడకుండా టేపు అంటించాలి. ఆ టేపును నా బీడీ కత్తెరతోనే కోసి అంటించాను. రెక్కల మీద వేసే గుండ్రటి గుర్తులు కాగితం మీద వచ్చాయి. వాటిని నీళ్లలో నానబెట్టి మెల్లగా జరిపి తీయాలి. ఆయన పట్టుకుంటే మొదటిది చిరిగింది. మిగతావన్నీ నేను తీశాను. నానిన ఆకు ఎప్పుడు వంగుతుందో, ఎప్పుడు చిరుగుతుందో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అబద్ధం ఎందుకు, ఏ ముక్క ఎక్కడ పెట్టాలో ఆయన చెబితేనే నాకు తెలిసింది. ఎట్లా అతికించాలో చెప్పే కాగితం ఇంగ్లీషులో ఉంది, అది నాకు రాదు. రెక్క కింద ఏ రంగు, పైన ఏ రంగు అన్నది ఆయనకు నోటికి వచ్చు. ఒక్కడే చేశాడంటే మండుతుంది గానీ, ఆయన ఏమీ చేయలేదని నేను అనను. ఒకరోజు, "నీ ఏళ్లు మంచిగ నడుస్తున్నయే" అన్నాడు కూడా. ఆ మాట ఇంట్లో అన్నాడు, నేనొక్కదాన్నే విన్నాను.

రంగులేసే రోజు తప్పు జరిగింది. నేను చాట ముందర కూర్చుని బీడీలు చుడుతున్నాను. "జల్ది రా, రంగు ఆరిపోతున్నది" అని కేకేశాడు. ఆ తొందరలో చేతులు కడుక్కోకుండానే లేచాను. విమానాన్ని అందుకోగానే నా వేళ్ల మీది పొగాకు పొడి పచ్చి రంగు మీద రాలింది, పొగ వచ్చే గొట్టం వెనకాలే. బొటనవేలితో తుడవబోతే అది తోక దాకా నల్లగా, గోధుమగా సాగింది.

"బీడీలదానివి బీడీలదాని లెక్కనే జేస్తివి గదనే!" అన్నాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మళ్లీ రంగేద్దామంటే ఆ డబ్బాలో రంగు అయిపోయింది.

కొన్నాళ్లకు ఆయనతో నౌకరీ చేసినవాళ్లు మా ఇంట్లో కలిశారు. అందరూ మాజీ సైనికుల సంఘంవాళ్లే. వాళ్లలో ఒకాయన విమానాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి పోయాడు.

"గీ మసి ఎట్ల తెచ్చినవన్నా? అచ్చం గట్లనే పడుతుండె. మనం తుడువలేక సస్తుంటిమి, యాదికున్నదా?"

నేను చాయల పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మా ఆయన నా వంక చూడలేదు.

"దానికి ఉపాయం గావాలె తమ్మీ. కావాలనే తెచ్చిన. మూడు రోజులు గోసపడ్డ."

ఆ మూడు రోజులు ఆయన పడ్డ గోస ఏమిటో నాకు తెలుసు. ముఖం గోడకు తిప్పుకుని పడుకున్నాడు. వాళ్లంతా పోయాక అడిగాను.

"చేతులు నావని ఒక్కమాట అంటే నీ సొమ్మేం పోయె?"

"గాళ్ల ముంగట ఏమని చెప్పాలెనే? నా చేతులు పోయినయని చెప్పాల్నా?"

చాయ కప్పులు ఏరుకుని లోపలికి పోయాను. ఇప్పుడైతే అంటాను: అవును, అదే చెప్పాల్సింది.

చలికాలంలో ఆయన పోయాడు. నెల మాసికం అయ్యాక సంఘం కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు.

"వదినా, అన్న యాది మా హాల్ల ఉండాలె. గాజుపెట్టె జేయించినం. బోర్డు గూడ రాయించినం." ఫోన్‌లో బోర్డు ఫొటో చూపిస్తూ చదివాడు. మా ఆయన పేరు, దాని కింద 'స్వహస్తాలతో నిర్మించిన విమానం' అని ఉందట.

"స్వహస్తాలంటే?"

"సొంత చేతులతోని అని."

"ఎవలి చేతులు?"

"అన్నయి, ఇంకెవలియి?"

నా రెండు చేతులూ కార్యదర్శి ముందర పెట్టాను. మొదటినుంచీ అంతా చెప్పాను. నవ్వుతూనే విన్నాడు.

"సాయం జేసినవు, ఎవలు కాదన్నరు? సతీమణి సహకారంతో అని కింద చిన్నగ రాయిద్దాం."

"సహకారమేంది తమ్మీ? చాయ కప్పు పట్టుకోరాని మనిషి జొన్నగింజంత ముక్క ఎట్ల అతికిస్తడు? ఇద్దరి పేర్లు ఒక్కతీరుగ, ఒక్క సైజుల రాయించు. తీసుకపో."

"పోయిన మనిషిని గట్ల అనకు వదినా. అయినా బీడీలు చుట్టే ఆమె యుద్ధవిమానం జేసిందంటే మావోళ్లు నవ్వరా?"

"నవ్వనీ. ఇయ్య పో."

మెట్ల దాకా పోయి తిరిగి చూశాడు. "మరి మావోళ్లకు ఏమని చెప్పాలె?"

"నేను చెప్పిందే చెప్పు."

చెప్పలేదు. ఏం చెప్పాడో వారం తర్వాత తెలిసింది. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయి వరుసలో కూర్చున్నాను. మా వాడకట్టు ఆమె ఒకతె వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. వాళ్లాయన కూడా ఆ సంఘంలోనే ఉన్నాడు.

"ఎంత ప్రేమనే అక్కా నీకు అన్న మీద! గాళ్లొచ్చి బతిమాలినా ఇయ్యలేదంట గదా. మనిషి యాదిని ఇడిసి ఉండలేనని ఏడ్చినవంట."

వరుసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"ప్రేమ లేదు దోమ లేదు" అన్నాను. "గది నేను జేసిన. నా పేరు రాయమంటే రాయలే. అందుకే ఇయ్యలే."

ఆమె నన్ను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. "ఊకో అక్కా, ఊకో. మనిషి పోతే గట్లనే అయితది. ఏదేదో మాట్లాడుతం."

పక్కనున్న ఒకామె కొంగుతో కళ్లొత్తుకుంది. ఇంకొకామె మంచినీళ్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఏడవడం లేదని గట్టిగానే చెప్పాను. నా గొంతు ఎట్లాగూ బొంగురు. అక్కడున్నవాళ్లంతా ఏడుపు వల్లే అట్లా అయిందనుకున్నారు.