నోట్లో పట్టిన శాంపిలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ కాలంలో నా ముక్కు మీద నాకున్న గౌరవం ఇంకెవరి మీదా ఉండేది కాదు. నాయుడుపేట దగ్గర మూలికల మందులు చేసే ఒక చిన్న కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ పని. పేరు గొప్పగానే ఉంది గాని, ట్రైనీగా నేను చేసేదల్లా బస్తాలు విప్పించి, పైనుంచీ అడుగునుంచీ తలా గుప్పెడు తీసి, రంగు చూసి, వాసన చూసి, నాలుక మీద వేసుకుని ఉమ్మేయడమే. మిషన్లూ సీసాలూ ఆ తర్వాతి సంగతి. నేల ఉసిరి అని వచ్చిన బస్తాలో సగం దాన్ని పోలిన కలుపు మొక్కలే ఉండేవి. ఇసుక సరేసరి. ఒకసారి ఎవరిదో చెప్పు కూడా దొరికింది. (ఒకటే దొరికింది. రెండోది ఏ దగ్గు మందులో కలిసిందో మాకు తెలియలేదు.) తిప్పి పంపిన బస్తాలు పెరిగేకొద్దీ నాకు పొగరూ పెరిగింది. సెలవుకి ఇంటికెళ్తే పిన్నమ్మ పెట్టిన చారు కూడా వాసన చూసి గాని నోట్లో పెట్టేదాన్ని కాదు. దీనికి పెళ్ళిచూపులు పెడితే ఆ పిల్లోణ్ణి గూడా వాసన చూస్తాదేమో అని చిన్నాయన నవ్వేవాడు.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. అమ్మానాన్న పోయాక విడవలూరు పక్కన ఊళ్ళో ఇంత చేను చేసుకుంటూ నన్ను పెంచి చదివించింది ఆయనా పిన్నమ్మే. ఆ ఏడు నాట్లు అయిపోయాక ఆయనకు కామెర్లు తగిలాయి. కళ్ళు పసుపుపచ్చగా అయిపోయాయి, మనిషి సగానికి సగం తగ్గిపోయాడు. పిన్నమ్మ ఉప్పు లేని మజ్జిగన్నం పెట్టి పథ్యం చేయిస్తూ, పక్క పల్లెలో పసరు తాత దగ్గరికి తీసుకుపోతోంది. మూడు ఆదివారాలు పోస్తాడు, మూడూ పూర్తయ్యేదాకా ఆసుపత్రి మాట ఎత్తకూడదు. తాత ఎవరి దగ్గరా పైసా తీసుకునేవాడు కాదు, ఒక కొబ్బరికాయ చాలు. ఆదివారం తెల్లారకముందే తలమీద నీళ్ళు పోసుకుని, తడి గుడ్డలతో పొలం గట్ల మీదికి వెళ్ళి ఆకు కోసుకొస్తాడు. దారిలో ఆయన పలకడు, ఆయన్ని ఎవరూ పలకరించకూడదు. పలకరిస్తే ఆకులో గుణం పోతుందట. ఆ ఆకు పేరు అడగకూడదు. నూరి మేకపాలలో కలిపిన పసరు వాకిలి దాటి బయటికి పోకూడదు, అక్కడే దోసిట్లో పోయించుకుని తాగాలి. తాగినాక వాకిలి దాటేదాకా నోరు తెరిచి మాట్లాడకూడదు.

రెండు ఆదివారాలు అయిపోయాక గాని నాకు ఈ సంగతి తెలియలేదు. పరుగున వచ్చి చూస్తే చిన్నాయన మంచం మీద సన్నగా నవ్వుతున్నాడు. నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. ఈ పసరు మానిపించమంటే పిన్నమ్మ ఒప్పుకోలేదు, ఇంకొక్క ఆదివారమే గదా అంది. అప్పుడు నాలోని క్వాలిటీ కంట్రోల్ నిద్రలేచింది. ఆ పసరు అసలు కామెర్లకు వాడే నేల ఉసిరేనా, దాన్ని పోలిన ఇంకో మొక్కా అన్నది తేల్చాలనుకున్నాను. మూడో ఆదివారం నాకూ కామెర్లని చెప్పి వరసలో నిలబడ్డాను. చున్నీ మాటున కంపెనీ వాళ్ళ శాంపిలు సీసా దాచుకున్నాను. పసరు నోట్లో పట్టి, మింగకుండా, బుగ్గలు బిగించి వాకిలి దాటి, సీసాలో ఉమ్మేయడం నా పథకం. మాట్లాడకూడదన్న నియమం నా కోసమే పెట్టినట్టు తోచింది. తాత నా కంటి రెప్ప కిందికి లాగి చూసి, "ఉండాదమ్మా, ఇప్పుడే మొదలయినట్టుండాది" అన్నాడు. (ఆ మాట నిజమో కాదో అని తర్వాత చాలా రోజులు అద్దంలో కళ్ళు చూసుకున్నాను.)

ఆడవాళ్ళకూ పిల్లలకూ ముందు పోస్తారు. నాకన్నా ముందు కొందరు తాగి బయటికి వెళ్ళారు. నా దోసిట్లో పోశాడు, నోట్లో పట్టాను. మేకపాల వాసన, పచ్చి ఆకు వాసన, ఆ రెంటి కింద ఇంకో వాసన. మొదట ఏమిటో తట్టలేదు. వాకిలి వైపు రెండడుగులు వేశాక తట్టింది. చిన్నాయన చేనుకు పురుగుమందు కొట్టి వచ్చిన రోజున ఆయన చొక్కాను పిన్నమ్మ ఇంట్లోకి రానిచ్చేది కాదు, బయట దండెం మీదే వేయించేది. అదే వాసన, ఇప్పుడు నా నోట్లో. నాలుక మండుతోంది. వెనక్కి తిరిగి చూస్తే చిన్నాయన దోసిలి పట్టి ఉన్నాడు, తాత చెంబు వంచుతున్నాడు. అరవాలంటే నోరు ఖాళీ లేదు. ఉమ్మితే ఊరంతా నన్ను కొడుతుంది. ఊఁ ఊఁ అంటూ చేతులు ఊపాను. పక్కనున్న ముసలామె నన్ను "గమ్మునుండవే" అని గదిమింది. చిన్నాయన దోసిలి పెదాల దాకా పోయింది. ఇంక లాభం లేదని ఒక్క పరుగున వెళ్ళి నోట్లో ఉన్నదంతా ఉమ్మేశాను. అది తాత తెల్ల పంచె మీద పడింది.

"తాగబాకు చిన్నాయనా, పురుగుమందు!"

చిన్నాయన ఉలిక్కిపడి చేతులు విడిచేశాడు. పిన్నమ్మ నా జుట్టు పట్టుకుంది. ఇంకెవరో నా వీపు మీద రెండేశారు. అంతలో, తల్లిని తీసుకొచ్చి వరసలో నిలబడ్డ ఒక రైతు నెమ్మదిగా ముందుకొచ్చాడు. ఆయన మొహం తెల్లబోయి ఉంది.

"నిన్న సాయంత్రం మా చేనుకు కొట్టింది నేనే. పొద్దున ఆ గట్టు మీదనే తాత కోస్తా ఉంటే చూసినా. పలకరిస్తే గుణం పోద్ది గదా, అందుకని నోరు మెదపలా. తాత చెయ్యి పడితే ఆ మందు ఏం చెయ్యదులే అనుకున్నా."

అంత నమ్మకంతోనే కన్నతల్లిని గూడా వరసలో నిలబెట్టాడు ఆయన. తాత పసరు కుండను పెరట్లో గుంట తీసి తనే పూడ్చాడు. చూసి గూడా చెప్పకుండా అందరూ ఇంత మర్యాదగా ఉంటే నేను ఎట్టా బతికేదయ్యా అని ఆ రైతును అడిగాడు. ఆ తర్వాత ఆయన ఎవరికీ పసరు పోయలేదు.

ముందు తాగినవాళ్ళకు వాంతులు మొదలయ్యాయి. కాస్త గొంతు దిగిందేమో నాకూ మొదలయ్యాయి. అందరినీ ఆటోల్లో విడవలూరు ఆసుపత్రికి తోలారు. అక్కడి డాక్టరమ్మ మాకు సెలైన్లు పెట్టించి, నా తల పట్టుకుని నిలబడ్డ చిన్నాయన కళ్ళలోకి చూసి, ఇంతకీ పేషెంటు ఎవరు అని అడిగింది. మాలో ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. ఆయన్ని మాత్రం నెల్లూరు పంపించి స్కానింగు తీయించారు. పైత్యం దిగే దారికి అడ్డంగా గడ్డ ఉంది. అప్పటికే ముదిరిపోయింది. అది ఏ పసరుతోనూ పోయేది కాదు, నికార్సయిన నేల ఉసిరితో అయినా సరే. నేను మందు మంచిదా కాదా అన్నదే పట్టుకున్నాను. జబ్బు ఏమిటన్నది నాకు తోచనే లేదు.

చిన్నాయన ఆ కోతల దాకా ఉన్నాడు. మంచం చేను గట్టున వేయించుకుని, కోత మిషను తిరుగుతుంటే చూశాడు. "ఆ పొద్దు ఈ పిల్ల ఉమ్మబట్టి గదా ఈ కోత కళ్ళజూసినా" అని పిన్నమ్మతో అన్నాడు. ఆయన పోయాక ఆమె పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ, మూడో పసరు కడుపులో పడుంటే మనిషి దక్కేవాడని చెప్పింది. స్కానింగు ఫిల్ములు ముందు పరిచి నేను ఎంత చెప్పినా వినలేదు. చాలా కాలం నాతో మాట్లాడనూ లేదు. నాకు కోపం రాలేదని చెప్పను. వచ్చింది, కానీ ఆమెకు పట్టుకోవడానికి ఇంకేం మిగిలిందిలే అని కొన్నాళ్ళకు నేనే ఊరుకున్నాను.

పోయిన ఏడు పిన్నమ్మ చెప్పాపెట్టకుండా బస్సెక్కి మా కంపెనీ గేటు దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఆ డిపార్టుమెంటుకి నేనే పెద్దని. ఆమె కొంగు ముడి విప్పి ఒక పొట్లం తీసి, తన చెల్లెలి మనవడికి దగ్గంటే ఎవరో ఇచ్చారని, పోయడానికి చెయ్యి రావడం లేదని చెప్పింది. ల్యాబులో వేయిస్తానంటే వద్దంది, నువ్వే చూసి చెప్పమంది. పొట్లం విప్పకుండానే, పిల్లవాణ్ణి ముందు డాక్టరుకు చూపించారా అని అడిగాను.

ఆమె పొట్లం వెనక్కి తీసుకుని కొంగున ముడేసుకుంది. "ఈ మాట ఆ పొద్దు మనిద్దర్లో ఎవురికీ తోచలా గదమ్మా" అంది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమెను బస్సెక్కించి వస్తుంటే, బుగ్గల నిండా పసరు పట్టుకుని లోకంలోని మందులన్నీ నేనే తేలుస్తానని బయల్దేరిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాపం, మంచి పిల్లే. చిన్నాయన అంటే దానికి ప్రాణం.