గడప పెట్టిన ఎల్లేశం

ఎల్లేశం మీద నాకు మంచి అభిప్రాయం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఎల్లేశం నిక్షేపంగా ఉన్నాడు. చందానగర్‌లో కొత్తగా దుకాణం కూడా తెరిచాడు.

అతను టైల్స్ కాంట్రాక్టరు. టైలు పరవడం మాత్రం అతనికి రాదు. అతనికొచ్చిన విద్య పగలగొట్టడం. బుల్లెట్ బండి పక్క పెట్టెలో ఎప్పుడూ ఒక సుత్తి ఉంటుంది. పని ఒప్పుకున్న మర్నాడే ఇద్దరు మనుషులతో దిగి, కొబ్బరికాయ కొట్టి, మధ్యాహ్నం భోజనాల వేళకు ఇల్లంతా తవ్విపోస్తాడు. ఆ ఒక్క పూట అతని చురుకు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. తర్వాత వారాల తరబడి కనపడడు. ఇంటివాడు ఇంకో మేస్త్రీని పిలుచుకుందామంటే రాడు. ఒకడు పగలగొట్టిన నేల మీద ఇంకొకడు చెయ్యి పెట్టడు. కూకట్‌పల్లిలోనైనా నిజాంపేటలోనైనా అదే మర్యాద. కాకి పొడిచిన పండు కాకికే అన్నట్టు, ఆ మర్యాద మీదే ఎల్లేశం వ్యాపారమంతా నిలబడి ఉంది. మేం పిలిచేనాటికే అతను అలా పొడిచి వదిలిన ఇళ్ళు మా చుట్టుపక్కల నాలుగున్నాయి.

అతని పేరు చెప్పింది మా పై అంతస్తు ఉదయ్ భాస్కర్. హైటెక్ సిటీలో పెద్ద ఉద్యోగం. "చాలా ప్రొఫెషనల్ అంకుల్, డే వన్ నుంచే వర్క్ స్టార్ట్ చేసేస్తాడు," అన్నాడు. తన ఇంట్లో డే టూ ఇంకా రాలేదన్న సంగతి చెప్పలేదు. గోతిలో పడ్డవాడికి తోడు కావాలి కదా.

నేల మార్చాలన్నది నా భార్య పుణ్యవతి. ముప్పయ్యేళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. జబ్బు వెన్నెముకకు పాకాక కాళ్ళు ఆమె మాట వినడం మానేశాయి. ఇంట్లోకి చక్రాల కుర్చీ వచ్చింది. పడకగది కిటికీలోంచి చూస్తే పక్క అపార్ట్‌మెంటు గోడ, దాని మీద వరసగా ఏసీ డబ్బాలు. మనుషుల్ని చూడాలంటే హాలు దాటి బాల్కనీలోకి వెళ్ళాలి. మధ్యలో రెండు గడపలు. ఒకసారి నేనూ వాచ్‌మనూ కలిసి కుర్చీతో సహా ఎత్తి దాటించాం.

"బీరువాను మోసినట్టు మోశారు. ఇంకోసారి వద్దు," అంది. "నా చక్రం నేనే తిప్పుకుని వెళ్తాను. నేల చదును చేయించండి."

డాక్టరు చెప్పిన గడువు నెలల్లో ఉంది. అది ఆమెకీ తెలుసు.

ఎల్లేశం వచ్చి ఇల్లంతా కలియదిరిగాడు. "గా అద్దాల బిల్డింగులు లేవా సార్, గా జాగల మా తాత జొన్నచేను ఉండె. ఇయ్యాల గండ్ల పోరగాళ్ళు కంప్యూటర్లు కొడ్తున్రు," అన్నాడు. ఈ కథ ప్రతి ఇంట్లోనూ చెబుతాడని తర్వాత తెలిసింది. ఉదయ్ భాస్కర్ ఇంట్లో అది మామిడితోట.

"గడపలు రెండూ తీసెయ్యాలండీ. పడకగది నుంచి బాల్కనీ దాకా ఒకటే మట్టం," అన్నాను.

"అయిపాయె సార్. క్యారమ్ బోర్డు లెక్క చేసిస్త. అమ్మ బండి జుయ్యిమని పోతది. మీరు జర గూడ ఫికర్ చెయ్యకున్రి."

మర్నాడు పగలగొట్టాడు. పడకగది ఒక్కటే మిగిల్చాడు. గుమ్మం దాటితే మట్టి, రాళ్ళు. అంతకుముందు గుమ్మం దగ్గర కుర్చీ ఆపుకుని హాలైనా చూడగలిగిన మనిషికి ఇప్పుడు హాలు కూడా పోయింది. ఇరవై ఆరు రోజులు అలాగే ఉన్నాం. ఫోన్ చేస్తే ఒక రోజు సిమెంటు బండి దారిలో ఉంటుంది. ఇంకో రోజు అతని బామ్మర్ది పెద్దమ్మ పోయి ఉంటుంది. ఆ ఇరవై ఆరు రోజుల్లో ఆవిడ రెండుసార్లు పోయింది.

"దయచేసి కొంచెం త్వరగా చూడండి ఎల్లేశంగారూ," అని నేను బతిమాలుతుంటే పుణ్యవతి నవ్వింది. "ఏవండీ, సన్మానపత్రం చదువుతున్నారా? ఫోన్ ఇలా ఇవ్వండి."

ఇచ్చాను.

"ఏమయ్యా ఎల్లేశం, నీకు ఎక్కాలు వచ్చా?"

"అమ్మా?"

"మాతో కలిపి ఐదిళ్ళు పగలగొట్టావు. మాది ఐదోది. వరసలో నా వంతు వచ్చేదాకా నేనుంటానో లేదో నాకు తెలీదు. అందుకని వరస తిరగేసి మా ఇంటి నుంచి మొదలుపెట్టు. లేదంటే చచ్చాక నీ బండి వెనక సీటు మీద కూర్చుని ఊరంతా తిరుగుతాను."

"గట్ల అనకున్రి అమ్మా. పొద్దుగాల పంపిస్త."

నా ప్రార్థనలకు కదలనివాడు దెయ్యానికి కదిలాడు. పొద్దున్న ఏడింటికే ముగ్గురు ఒడిశా మేస్త్రీలు వచ్చారు. వాళ్ళ గురించి చెప్పాల్సింది మంచే. తొమ్మిది రోజులు తలెత్తకుండా పనిచేశారు. పరిచిన ప్రతి టైలునూ వేలితో తట్టి, డొల్ల చప్పుడు వస్తే మళ్ళీ ఊడదీసి పరిచారు. ఎల్లేశం తొమ్మిది రోజుల్లో ఒక్కసారి వచ్చాడు, అదీ ఆఖరి రోజు మేం ఆసుపత్రికి వెళ్ళినప్పుడు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి పడకగది గడప లేదు. హాలు నిజంగానే క్యారమ్ బోర్డులా ఉంది. బాల్కనీ గుమ్మం దగ్గర మాత్రం కొత్త గడప వెలిసింది. నల్ల గ్రానైటు రాయి, దానికి పసుపు, కుంకుమ బొట్లు. పక్కన ఎల్లేశం పూజారిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేంటయ్యా?"

"తూర్పు దర్వాజ సార్. గడప లేకుంటే లక్ష్మి నిలువది. రాయి నా దిక్కుకెళ్ళి, పైసలొద్దు. వానొస్తే నీళ్ళు గూడ లోపటికి రావు."

"అది వద్దనే కదా నీకు పనిచ్చింది! తీసెయ్."

"పసుపు పెట్టినంక ఎట్ల పలగ్గొడ్తం సార్? పాపం తలుగుతది. పాణం బాగలేని ఆడిమనిషి ఉన్న ఇంట్ల అసలే కొట్టొద్దు. అంతగనం అయితే ఒక చెక్క ఏటవాలుగ ఏసుకోన్రి."

ఊళ్ళో సగం ఇళ్ళ నేలలు పగలగొట్టినవాడు ఆ జానెడు వెడల్పు రాతి ముందు భక్తుడైపోయాడు. చెక్క వేసి చూశాం. పుణ్యవతి చేతుల్లో అంత బలం లేదు. కుర్చీ సగం ఎక్కి వెనక్కి జారింది. చెక్క తీసేయమని, చక్రాన్ని గడపకు ఆనించి రెండుసార్లు గట్టిగా తోసింది. మూడోసారి తొయ్యలేదు.

"రెండంగుళాలు," అంది. కుర్చీ తిప్పుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే వాచ్‌మన్ దగ్గర సుత్తి అడిగి తెచ్చాను. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన చెయ్యి నాది, సుత్తి పట్టడం తెలీదు. గడప పగలడానికి గంటన్నర పట్టింది. దాంతో పాటు కొత్త టైల్స్ మూడు, నా బొటనవేలి గోరూ పగిలాయి. గుంటలో సిమెంటు నేనే పూశాను. రెండు రోజులు ఆరనిచ్చాం. మూడో రోజు ఆమె కుర్చీ ఎక్కి, నన్ను దూరంగా నిలబడమని, తన చక్రం తనే తిప్పుకుంటూ బాల్కనీలోకి వెళ్ళింది. చాలాసేపు వీధిలోకి చూసింది.

"ఏవండీ, ఆ తోపుడుబండివాడు పుచ్చు టమాటాలన్నీ అడుగున పెడుతున్నాడు, చూడండి," అంది. అంత సంతోషం ఆమె మొహంలో చూసి ఏడాది దాటింది.

ముప్పై ఒక్క రోజులు అలాగే బాల్కనీలోకి వెళ్ళింది. తర్వాతి రోజు లేదు.

పన్నెండో రోజు భోజనాలకు ఎల్లేశం వచ్చాడు. ఎవరూ పిలవలేదు. విస్తరి ముందు కూర్చుని రెండోసారి గారెలు వేయించుకుంటూ, పక్కనున్న మా వదినగారితో గొంతు తగ్గించి చెబుతున్నాడు. పుణ్యవతి అక్కగారు, పేరు బాలాత్రిపురసుందరి.

"నేను చెప్పిన అమ్మా. గడప పలగ్గొట్టొద్దని మస్తు చెప్పిన. సార్ ఇనలే. నెల తిరిగెటాల్లకు గిట్లాయె."

పరమాన్నం వడ్డించే వేళకు ఆ మాట పంక్తి చివరిదాకా పాకింది. ఆసుపత్రి కాగితాలు చూసినవాళ్ళు కూడా తలలూపారు. వదినగారు నన్ను పక్కకు పిలిచింది.

"మరిదిగారూ, జరిగిందేదో జరిగిపోయింది. ఇప్పుడైనా పెట్టించండి. పాపం, ఆ అబ్బాయి రాయి కూడా వెంట తెచ్చాడట."

నిజమే, తెచ్చాడు. చావు భోజనానికి గ్రానైటు రాయి పట్టుకొచ్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. విస్తరి ముందు నుంచి ఎవర్నీ లేపకూడదు కాబట్టి చెయ్యి కడుక్కునేదాకా ఆగాను.

"నీ రాయి తీసుకుని వెళ్ళు."

"అమ్మ మీద గౌరవంతోని తెచ్చిన సార్."

"ఆవిడ కుర్చీని ఆపింది అదే. తీసుకెళ్ళు."

"వానకాలం నీళ్ళొస్తయి సార్ ఇంట్లకు."

"రానీ."

ఎల్లేశం నొచ్చుకున్నవాడిలా మొహం పెట్టి, వదినగారికి తన కార్డు ఇచ్చి వెళ్ళాడు. ఆవిడ నిజాంపేటలో తన ఇంటి పని అతనికే ఇచ్చింది. ఇప్పుడక్కడ నేల లేదు. గడప మాత్రం మొదటి రోజే పెట్టాడట.

వానలు మొదలయ్యాయి. నీళ్ళు లోపలికి వస్తున్నాయి, సోఫా కాళ్ళ దాకా. ఆ ఒక్క మాటలో ఎల్లేశం అబద్ధమాడలేదు. గోనెపట్టా పరిచి, వాన తగ్గాక తుడుస్తాను.