బావ బెల్టుకు నా కొక్కెం

రుద్రూర్ రోడ్డులో ఒక రైస్ మిల్లు రేకుల కప్పుకు రంగు వేసే పని మాకు దొరికింది. మాకు అంటే నాకూ, మా అక్క మొగుడికీ. మిల్లు సేటు జాగ్రత్త గల మనిషి. కొత్త సేఫ్టీ బెల్టులు రెండు తెచ్చిచ్చి, బెల్టు తాడుకున్న కొక్కేన్ని కప్పు రెండు వాలులూ కలిసే కొప్పు మీది ఇనుప పైపుకు తగిలించకుండా అడుగు వేయొద్దన్నాడు. రెండో రోజు పొద్దున ఆ పైపుకే ఎర్ర రంగు వేయించి, ఆరేదాకా దాన్ని ముట్టొద్దన్నాడు. పెద్దమనిషి మాట. మేము రెండు మాటలూ జవదాటలేదు.

ఆలోచన బావదే. అటు వాలు మీద ఆయన, ఇటు వాలు మీద నేను. తాళ్లను పైపు కింది సందులోంచి పోనిచ్చి, నా కొక్కెం ఆయన బెల్టుకు, ఆయన కొక్కెం నా బెల్టుకు తగిలించాం.

"బెల్టు పెట్టుకున్నట్టు ఉంటది, రంగు గూడ చెడదు. మనిషికి మనిషే ఆసర గద బామ్మర్ది" అన్నాడు బావ.

ఆ మాట నాకెంత గొప్పగా తోచిందో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

పగటి అన్నానికి దిగబోయే ముందు బావ ఊక దుమ్ము మీద కాలు పెట్టి జారాడు. ఇటువైపు కుంచె పట్టుకుని కూర్చున్న నన్ను తాడు బోర్లా పడేసి కొప్పు దాకా ఈడ్చుకుపోయింది. కప్పు మీద నుంచి కిందికి జారిన వాళ్లను చూశాను గానీ, పైకి జారింది మాత్రం నేనొక్కడినే. ఛాతీ పైపుకు కొట్టుకుని ఆగాను. దాన్ని రెండు చేతులా కావలించుకుని "బావా" అని పిలిచాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

కాసేపటికి రేకుల అంచు నుంచి ఆయన గొంతు వినబడింది. "రంగు చెడిందా?"

చెడిందనీ, మొత్తం నా అంగికే ఉందనీ చెప్పాను. సేటు తిడతాడని ఆయన కాళ్లు గాలిలో ఆడిస్తూనే బాధపడ్డాడు. కింద హమాలీలు పోగై తలా ఒక సలహా ఇచ్చారు. ఊక కుప్ప దగ్గరే ఉంది, దూకెయ్యమన్నాడొకడు. చివరికి ఇనుప నిచ్చెన తెచ్చి ఆయన పాదాల కింద పెట్టారు. అప్పటిదాకా నేను పైపును వదలలేదు.

సాయంత్రం బోధన్‌లో అక్క ఇంట్లో ఇదంతా నవ్వుతూ చెప్పాం. ఒకరు మరిచింది ఇంకొకరం అందించుకున్నాం. అక్క కిరసనాయిలు గుడ్డతో నా మెడ మీది ఎర్ర రంగు తుడుస్తూ అంతా విన్నది. ఒక్కసారి కూడా నవ్వలేదు.

"నా మొగడు, నా తమ్ముడు, ఇద్దరు ఒక్క తాడుకే ఉంటిరి" అన్నది. "పడితే, ఇంటికొచ్చి నాకు సెప్పేతందుకు ఎవలు మిగిలేటోళ్లు?"