అక్కకు వండిన పరకలు

మొన్న సూర్యాపేటలో, నెలలు నిండుతున్న మనవరాలిని దవాఖానకు తీసుకుపోతే, డాక్టరమ్మ రాసిన మందుల్లో పసుపుపచ్చటి నూనె గోళీలు కూడా ఉన్నాయి. కడుపులో బిడ్డ మెదడుకూ కంటికీ మంచిదట, చేపల్లో ఉండే కొవ్వేనట, కాకపోతే దీన్ని నేరుగా నాచు నుంచే తీశారట. ఇంటికొచ్చాక ఒక గోళీ నా వేళ్ల మధ్య పగిలింది. ఆ నీచు వాసన తగలగానే కోదాడ దగ్గరి మా ఊరి చెరువు కళ్లముందుకొచ్చింది, దాని వెనకే మా అక్క కూడా.

నా ఈడు వాళ్లకు పరకల గురించి చెప్పనక్కర్లేదు. వేలెడంత కూడా ఉండని ఆ తెల్లటి చిన్న చేపలంటే మాకు ప్రాణం. ఏ ఇంట్లోనైనా కడుపుతో ఉన్న మనిషి ఉంటే, వల ఎత్తినవాడు మొదటి దోసెడు పరకల్ని ఆ ఇంటి గడప దగ్గర పోసి పోవడం మా వైపు ఆనవాయితీ. పైసలు అడగడు, ఇస్తే తీసుకోడు. వాటి తలలు తీయకూడదు, బూడిదతో రుద్ది కడిగి అలాగే పులుసులో వేయాలి. అక్క మూడోసారి కడుపుతో మా ఇంట్లో ఉన్నప్పుడు, ఒక్క తలకాయ పక్కకు పెట్టినా నాయనమ్మ ఆమెను కంచం ముందు నుంచి లేవనిచ్చేది కాదు. అప్పటికే అక్కకు రెండుసార్లు కడుపు పోయింది. ఈసారీ బిడ్డ దక్కకపోతే మిర్యాలగూడలోని అత్తగారింట్లో ఆమెను ఎలా చూస్తారో మా అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

ఆ ఎండాకాలమే ఊరివాళ్లు చెరువును గుత్తకు ఇచ్చారు. పెద్ద చేపల పిల్లల్ని వదిలేముందు, వాటి మేతకు పోటీ వచ్చే చిల్లర చేపలు ఉండకూడదని, గుత్తేదారు మడుగులా మిగిలిన నీళ్లలో చేపలకు విషమయ్యే ఇప్పగింజల చెక్క కలిపించాడు. మర్నాటికి పరకలన్నీ పైకి తేలాయి. తింటే ఏమీ కాదన్నారు, నిజంగానే ఎవరికీ ఏమీ కాలేదు. ఊరు ఊరంతా తట్టలు పట్టుకుని దిగింది, మేమూ దిగాం, నవ్వుకుంటూ ఏరుకున్నాం, ప్రతి ఇంటి పొయ్యి మీదా వేపుడే. అవే ఆఖరి పరకలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. నాయనమ్మ మాత్రం తట్ట ముట్టలేదు. "గిట్ల అన్ని ఒక్కనాడే తింటే, ఇగ పిల్లకు రేపేం పెడ్తవే?" అని అమ్మను అడిగింది. అమ్మ మిగిలినవాటిని వాకిట్లో చాప మీద పరిచింది.

ఎండబెట్టి దాచిన కాసిన్ని వానలకు ముందే అయిపోయాయి. చెరువు నిండే రోజుల్లో, నెలలు నిండకుండానే, అక్కకు ఆడపిల్ల పుట్టింది. దీపం చూపించినా తల తిప్పేది కాదు, ఏడుపు కూడా సన్నగా ఉండేది. పురుడు కడగకముందే పోయింది.

తర్వాత నేను చదువుకుని జంతుశాస్త్రం చెప్పే పంతులమ్మనయ్యాను. ఆ మంచి కొవ్వును మనిషి గానీ చేప గానీ సరిపడా సొంతంగా చేసుకోలేవనీ, నీటిలోని పచ్చటి నాచే దానికి పుట్టిల్లనీ, నాచును నీటి పురుగులు, పురుగులను చిన్న చేపలు, చేపలను మనిషి తింటే అది చివరికి తల్లి కడుపులోని బిడ్డకు చేరుతుందనీ బోర్డు మీద బాణాలు గీసి చెప్పేదాన్ని. ఆఖరి బాణం దగ్గర ప్రతి ఏడాదీ నా చెయ్యి ఆగిపోయేది. పిల్లలు సుద్దముక్క అరిగిందనుకునేవారు.

ఇప్పుడు ఆ చెరువులో బొచ్చెలు, రవ్వలు మోపుగా పెరుగుతున్నాయి. మిర్యాలగూడ మిల్లుల తవుడు లారీల్లో వస్తుంది, చేపలు లారీల్లో పోతాయి. తవుడు తిని పెరిగినదాంట్లో ఆ నాచు కొవ్వెక్కడిది, ఏం తింటే ఆ కొవ్వే కదా ఏ చేపకైనా. గడప దగ్గర దోసెడు పోసి పోయే మనిషీ లేడు, పోయడానికి పరకలూ లేవు.

అక్కకు మళ్లీ కడుపు పండలేదు. అత్తగారింటి నుంచి వచ్చేసి అమ్మ దగ్గరే ఉండిపోయింది. నాకు ఉద్యోగమొచ్చిన కొత్తలో ఒకరోజు, బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే అడిగింది: "నువ్వు గీ సదువే సదివినవ్ కద, సెప్పు. పరకలు దొరికుంటే నా బిడ్డ బతికేదా?"

బతికేదంటే, నవ్వుకుంటూ తట్టలు నింపిన మా అందరి మీదా ఆ పసిదాని ఉసురు పడుతుంది. కాదంటే అది అబద్ధం కావచ్చు. నేను చదివిన చదువు ఆ రెంటిలో ఏదీ నన్ను చెప్పనివ్వలేదు. తెలియదక్కా అన్నాను. ఆమె సరేనని తలూపి బియ్యం ఏరుకుంది, చనిపోయేదాకా మళ్లీ అడగలేదు. చాలా సంగతులు తెలిసిన కాలం ఇది, ఎవరిని అడిగినా ఏదో ఒకటి చెప్తారు. కానీ నిండు చూలాలు ఎదురుపడ్డప్పుడల్లా నాకు ఆ ప్రశ్నే వినిపిస్తుంది, నేనింకా తెలియదక్కా అనే అంటున్నాను.